గడపా, తలుపూ

మొన్నీమధ్య ఆత్రేయపురంలో మా ఆడపడుచుగారి మనవరాలికి ఓణీలిచ్చే వేడుక జరిగితే వెళ్లి, బొబ్బర్లంక మీదుగా రాజమండ్రి తిరిగి వస్తున్నాను. బస్సులో నా ముందు సీట్లో ఒక పెద్దావిడ కూర్చుంది. ఒళ్లో పూతరేకుల డబ్బా, చేతిలో గొడుగూను. కండక్టరు కుర్రాడు టిక్కెట్లు కొడుతూ వస్తే, "ఆనకట్ట దిగాక ఆపు నాయనా" అంది. ఆ అబ్బాయి నవ్వి, "ఆనకట్ట ఎప్పుడో పోయిందండి మామ్మగారూ! ఇప్పుడున్నది బ్యారేజీ అండి" అన్నాడు. ఆవిడేం తక్కువ తిన్నదా? "ఏదైతేనేంలే. గోదారికి అడ్డంగా కట్టిందే కదా! నువ్వు ఆపు చాలు" అంది. బస్సులో నలుగురూ నవ్వారు. వాళ్లతోపాటు నేనూ నవ్వాననుకోండి.

కానీ ఆ నవ్వు నాకు ఇల్లు చేరేదాకా నిలవలేదు. ఆ రెండు మాటల మధ్య తేడా మా ఇంట్లో ఒకసారి ప్రాణాల మీదికి తెచ్చింది. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు మాటల సంగతి చూద్దాం.

నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని. 'షేడ్'కీ 'షాడో'కీ తేడా ఏమిటి, 'హౌస్'కీ 'హోమ్'కీ తేడా ఏమిటి అని పిల్లల్ని నిలబెట్టి అడగటం, వాళ్లు నీళ్లు నమిలితే చెవి మెలిపెట్టడం నా ఉద్యోగం. ఇన్నేళ్లలో నాకెప్పుడూ తట్టలేదు గానీ, గోదావరి జిల్లాల పిల్లల్ని అడగవలసిన జంట నిజానికి ఇదే. ఆనికట్టు, బ్యారేజీ. "అదేమిటండీ, ఆనికట్టు ఇంగ్లీషెలా అవుతుంది?" అంటారేమో. అవుతుందండీ. ఇంగ్లీషు నిఘంటువు తీసి చూడండి, 'ఆనికట్' అని దొరల పక్కన దర్జాగా కూర్చుని ఉంటుంది.

అయితే అది ఆ ఇంట పుట్టిన మాట కాదు, దత్తు పోయిన మాట. తమిళంలో 'అణై' అంటే కట్ట, 'కట్టు' అంటే కట్టడమే. ఈ రెండో ముక్క మనకీ వాళ్లకీ ఉమ్మడి ఆస్తి. తంజావూరు వైపు కావేరి మీద కరికాల చోళుడు కట్టించాడని చెప్పే కల్లణై ఉంది కదా, దాన్ని ఇంగ్లీషువాళ్లు 'గ్రాండ్ ఆనికట్' అన్నారు. యూల్, బర్నెల్ అనే ఇద్దరు కలిసి, హిందూదేశంలో తెల్లవాళ్లు వాడే దేశవాళీ మాటలన్నీ పోగుచేసి 1886లో 'హాబ్సన్ జాబ్సన్' అనే పెద్ద నిఘంటువు వేశారు. ఈ మాట అందులోనూ ఉంది. 'అణై'కి తమిళంలో అక్కున చేర్చుకోవడం అనే అర్థం కూడా ఉందట. నదిని కొట్టి ఆపడం కాదన్నమాట, పట్టి నిలపడం! నాకు ఆ మాట మీద గౌరవం అప్పటినుంచీ ఇంకాస్త పెరిగింది.

ఈ మాటని కావేరి నుంచి గోదావరికి మోసుకొచ్చినవాడు మన కాటన్ దొర. ఆయన 1803లో పుట్టాడు. ముందు పనిచేసింది తంజావూరు ప్రాంతంలోనే. కావేరి పాయ కొల్లడం మీద 1836 ప్రాంతాల్లో ఆనికట్లు కట్టించాడు. కల్లణై పునాదులు చూసి ఆశ్చర్యపోయాడట. కింద రాతినేల లేదు, ఉన్నదంతా ఇసుకే. ఇసుకలో రాళ్లు పోసుకుంటూ పోయారు. రాయి దిగేకొద్దీ మళ్లీ రాయి, మళ్లీ రాయి. ఎప్పుడో ఒకప్పుడు ఇక దిగడం మానేసి నిలబడుతుంది కదా, అదే పునాది. ఇంత తేలికైన కిటుకు మన పూర్వులది. ధవళేశ్వరం దగ్గర గోదావరి అడుగున ఉన్నదీ ఇసుకే. అంచేత కాటన్ మన ప్రాంతానికి తెచ్చింది తమిళుల మాటొక్కటే కాదు, ఆ విద్య కూడా.

ఆ రోజుల్లో మన డెల్టా ఎలా ఉండేదో ఈనాడు ఊహకందదు. పచ్చటి కోనసీమ, కొబ్బరితోటలు, కాలవగట్లు అని సినిమాలవాళ్లు ఎగబడే ఈ నేల అప్పుడు ఒక ఏడు ముంపు, ఒక ఏడు ఎండు. 1832, 33ల్లో వచ్చిన కరువుకి జనం డొక్కలు మాడి చచ్చారని దాన్ని డొక్కల కరువన్నారు. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు ఉంటే, 1841 నాటికి 5 లక్షల 61 వేలకి దిగిపోయింది. పక్కనుంచి గోదావరి నిండుగా పోతూనే ఉంది సుమండీ! ఆ నీళ్లు చేను ఎక్కవు, సముద్రంలోకి దిగుతాయి. మంచం పక్కనే మంచినీళ్లు పెట్టి, చేతులు కట్టేసినట్టు.

కాటన్ 1844లో రిపోర్టు రాశాడు. పై నుంచి మంజూరు రావడానికి 1846 ఆఖరయింది. 1847లో పని మొదలైంది. ధవళేశ్వరం కొండ రాళ్లు కొట్టి, పట్టాల మీద బండ్లలో తోసుకెళ్లి నదిలో పోశారు. వేలమంది కూలీలు, వాళ్లలో ఆడవాళ్లు ఎందరో. కాటన్‌కి కుడిభుజంగా నిలిచిన మన తెలుగువాడు వీణెం వీరన్నగారు. దొరని తలుచుకునేటప్పుడు ఆయన్ని మరిచిపోతే పాపం. గోదావరి అక్కడ నాలుగు పాయలు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. మధ్యలో లంకలు. పాయకొకటి చొప్పున నాలుగు గోడలు, కలిపితే రెండుంబావు మైళ్ల పొడవు. 1852లో పూర్తయింది. ఇంకో తమాషా ఏమిటంటే, కొంతకాలం రాజమండ్రిలో కొలువు చేసిన బ్రౌను దొర తెలుగు నిఘంటువు కూడా ఆ 1852లోనే వెలువడింది. ఒకాయన నీళ్లకి కట్ట కట్టాడు, ఇంకొకాయన మాటలకి.

అన్నట్టు, ఆ కట్టతోపాటు మన నోటికి ఎన్ని మాటలు వచ్చాయో! పడవలు ఎగువ నుంచి దిగువకి దిగడానికి కాలవల మీద 'లాకు'లు కట్టారు. ఇంగ్లీషులో లాక్ అంటే తాళం. మనం దానికి 'లు' తగిలించి లాకులన్నాం. పడవలు పోయాయి గానీ, "లాకుల దగ్గర దిగుతాను" అనడం పోలేదు. కాలవ నీళ్లకి కాపలా ఉండే 'లస్కరు' మాట పారసీకంలో సైన్యం. సైన్యం కాస్తా ఓడల్లో కూలీ అయి, చివరికి గొడుగు పట్టుకుని కాలవగట్టున నడిచే మన లస్కరయింది. వైనతేయ పాయ మీదుగా గన్నవరం దగ్గర కాలవనే వంతెనెక్కించి అవతలికి తీసుకెళ్లారు చూడండి, 49 ఇటుక కమానులతో, 1850ల్లో! దాన్ని ఆక్విడక్టు అన్నారు. దానికి తెలుగు చేద్దామని ఎవరికీ తోచలేదు. పక్కనే కొత్తది కట్టాక దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆకలన్నవాడికి అర్ధరాత్రయినా పొయ్యి వెలిగించిన తల్లి ఆవిడ. ఇన్ని కట్టడాల్లో ఒక్కదానికైనా వంటింటి మనిషి పేరు పెట్టారని నాకు సంతోషం.

సరే, దారి తప్పాను. ఆనికట్టు అంటే ఏమిటి? గోడే. నదికి అడ్డంగా, నది అంచుల కంటే పొట్టిగా కట్టిన గోడ. నీళ్లు దాని వెనక ఎత్తుకి లేచి, పక్కనున్న కాలవల్లోకి తిరుగుతాయి. మిగిలినవి గోడెక్కి అవతలికి దూకిపోతాయి. అంతే. మనింట్లో గడప ఏం చేస్తుందో అది చేస్తుంది. వాకిట్లో కడిగిన నీళ్లు గదిలోకి రాకుండా గడప ఆపుతుంది. కుండపోత వాన కురిసి వీధి నీళ్లు ముంచుకొస్తే ఆపుతుందా? ఆపదు. దాన్ని మనం తప్పు పట్టం కూడా. గడప ఎత్తు ఎంతో మనకి తెలుసు. నీళ్లకీ తెలుసు. మధ్యలో ఎవరి ప్రమేయమూ లేదు. తర్వాత్తర్వాత గోడ ఎత్తు పెంచారు, నెత్తిన షట్టర్లు బిగించారు. గడపకి అడ్డుపలక పెట్టుకున్నట్టు. అయినా అది గడపే.

ఇక బ్యారేజీ. ఇది ఫ్రెంచి ఇంటి పిల్ల. 'బారే' అంటే అడ్డగించడం. ఇంగ్లీషులో 'బార్' ఉంది చూడండి, ఆ చుట్టరికమే. ఈ మాట ఇంగ్లీషులోకి వచ్చింది నైలు నది మీదుగా. కైరో దగ్గర నైలు చీలేచోట ఫ్రెంచి ఇంజనీర్లు 1840ల్లో ఒక కట్టడం మొదలుపెట్టారు. ఇంచుమించు మన ఆనికట్టుకి ఈడు. ఈజిప్టు పాలకుడు మహమ్మదలీ ఆ రాళ్ల కోసం పిరమిడ్లు పడగొట్టండి అంటే, ఆ దొరలు ఎలాగో నచ్చచెప్పి తప్పించారని ఒక కథ చెబుతారు. ఆ కట్టడానికి వరసగా స్తంభాలు, స్తంభాల మధ్య తలుపులు. నీళ్లు కావలిస్తే మూయడం, వద్దంటే తెరవడం. 1860ల ఆరంభానికి కట్టడమైతే అయింది గానీ, తలుపులు వేసి నీళ్లు నిలపబోయేసరికి పగుళ్లిచ్చింది. పాతికేళ్లు పేరుకి మాత్రమే బ్యారేజీ. చివరికి దాన్ని బాగుచేసింది ఎవరనుకున్నారు? హిందూదేశంలో కాలవల పని నేర్చుకుని వెళ్లిన స్కాట్ మాంక్రీఫ్, ఆయన తోటి ఇంజనీర్లూను. మొదటి బ్యారేజీ మూతపడటం రాని తలుపన్నమాట. ఇది గుర్తుపెట్టుకోండి.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ మాటకి ఇంకో అవతారం వచ్చింది. శత్రువు ముందుకి రాకుండా అడ్డంగా గుండ్ల తెర కట్టడాన్ని ఫ్రెంచివాళ్లు బ్యారేజీ కాల్పులన్నారు. అది ఇంగ్లీషులోకి వచ్చి ఎడతెరిపి లేని గుండ్లవాన అయింది. ఆ తర్వాత మామూలు మాటల్లోకి దిగి, ప్రశ్నల వర్షానికి కూడా బ్యారేజే. విచిత్రం చూశారా! ఆపడం కోసం పుట్టిన మాటకి చివరికి కుమ్మరించడం అనే అర్థం పట్టింది. నేను క్లాసులో ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు నమ్మేవారు కాదు. "మా ఊళ్లో బ్యారేజీ నీళ్లు ఆపుతుంది కదండీ టీచర్?" అనేవారు. ఆపుతుందనే ఆ నమ్మకం గురించే నేను చెప్పబోతున్నది.

మన తెలుగువాళ్లకి ఈ మాటని అలవాటు చేసింది కృష్ణమ్మ. బెజవాడ దగ్గర 1850ల్లో కట్టిన ఆనికట్టు 1952లో తెగింది. దాని స్థానంలో వచ్చింది ప్రకాశం బ్యారేజీ, 1957లో. గోదావరి ఆనికట్టు తెగలేదు గానీ ముసలిదైపోయింది. నేను కాపరానికి వచ్చిన 1975 నాటికి ధవళేశ్వరం దగ్గర కొత్త కట్టడం పని సాగుతోంది. పుట్టింటికి వెళ్లేటప్పుడల్లా చూసేదాన్ని. మబ్బుల్లోకి లేచిన క్రేన్లు, వరసగా లేస్తున్న స్తంభాలు. 1982 నాటికి పూర్తయింది. ధవళేశ్వరం పాయకి 70 గేట్లు, ర్యాలికి 43, మద్దూరుకి 23, విజ్జేశ్వరానికి 39. మొత్తం 175. సుమారు పది లక్షల ఎకరాలకి నీళ్లు. పైన బస్సులు నడిచే రోడ్డు. పేరు సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ. పాపం కాటన్ కట్టింది ఆనికట్టు, ఆయన పేరున్నది బ్యారేజీకి! ఆయన కట్టినదానికి ఆయన పేరు అక్కర్లేకపోయింది. 'ఆనకట్ట' అంటే చాలు, ఏ ఆనకట్టని ఎవరూ అడిగేవారు కాదు.

గడప పోయి తలుపు వచ్చింది. మంచిదే. దాళ్వా పంటకి చుక్క చుక్కా లెక్క చూసుకోవాలంటే తలుపే కావాలి. గడపని నమ్ముకుంటే కుదరదు. కానీ గడపతో పనిలేని భాష ఒకటి తలుపుతోపాటు ఇంట్లోకి వచ్చింది. మా అత్తగారి తరం మాట్లాడటం నేను చెవులారా విన్నాను. "ఆనకట్ట మీద నీళ్లు పొర్లుతున్నాయట", "గోదారి గోడ దూకిందట", "నిన్నటికి తగ్గిందట". ఈ వాక్యాల్లో కర్త ఎవరు? గోదారి. ఇప్పుడు టీవీ పెట్టండి. "ధవళేశ్వరం నుంచి పది లక్షల క్యూసెక్కులు దిగువకి విడుదల చేశారు." ఇందులో కర్త ఎవరు? మనిషి. పొర్లింది అన్నచోట వదిలారు వచ్చింది. వ్యాకరణం చెప్పినదాన్ని కాబట్టి నాకది ముల్లులా గుచ్చుకుంటుంది. వదిలారంటే, వదలకపోవడం కూడా వాళ్ల చేతిలో ఉందనేగా!

మా మావగారు సరిగ్గా అలాగే అనుకున్నారు.

మా అత్తవారిది కోనసీమలో ఒక లంక గ్రామం. ఏటిగట్టుకి లోపల, గోదారి ఒడిలో. అరటితోటలు, కొబ్బరిచెట్లు, రెండు వరసల పెంకుటిళ్లు. మావగారు హెడ్మాస్టరు చేసి రిటైరైనవారు. హిందూ పేపరు మర్నాడు పడవ మీద వచ్చేది. తెప్పించుకుని ప్రతి అక్షరమూ చదివేవారు. ఇంగ్లీషు మాట తప్పు పలికితే భోజనం మధ్యలోనైనా దిద్దేవారు. అత్తగారు వానాకాలం బడిలో చదివిన మనిషి. ఆవిడకి ఆనికట్టూ, బ్యారేజీ, డ్యామూ అన్నీ ఆనకట్టే. "బ్యారేజీ అనవే" అని ఆయన, "అలాగేనండి, ఆనకట్టే" అని ఈవిడ. ఏళ్ల తరబడి ఇదే పాట.

1986 ఆగస్టు. గోదారి నాలుగు రోజులుగా పెరుగుతోంది. పదిహేనో తారీఖు శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. పిల్లలు బడిలో జెండా వందనం కూడా లేదని తిరిగొచ్చేశారు. పొద్దున్నే రేవు మెట్లు అన్నీ మునిగాయి. రేడియోలో భద్రాచలం దగ్గర మట్టం చెబుతున్నారు, గంటగంటకీ ఎక్కువ. ఊళ్లో టముకు వేశారు. పడవలు వస్తాయి, గట్టు మీదికి పొండని. సగం ఊరు మూటలు కట్టింది. మావగారు మాత్రం పడక్కుర్చీలోంచి కదల్లేదు.

"1953లో మునిగామంటే అర్థం ఉంది. అప్పుడున్నది ఆనికట్టు. ఒఠ్ఠి గోడ. వచ్చినదంతా మన మీదికి దూకింది. ఇప్పుడున్నది బ్యారేజీ. 175 గేట్లు. వాళ్లు కంట్రోలు చేస్తారు. మోతాదుగా వదులుతారు. ఆ మాటకి అర్థమే అడ్డగించేది అని" అన్నారు. నేనూ ఇంగ్లీషు టీచర్నే కదా! ఆ మాటకి అర్థం అదేనని నాకూ తెలుసు. మావారు పట్నంలో ఉద్యోగంలో ఉన్నారు. మావగారి మాట సబబుగానే ఉందనిపించి నేను ఊరుకున్నాను. ఈ తప్పు నాది కూడా, దాచుకోను.

అత్తగారు కలశం ముందు నుంచి లేచి వచ్చారు. పసుపు చేతులు కొంగుతో తుడుచుకుంటూ ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"ఏవండీ, ఆ తలుపులు మూస్తే, వచ్చే నీళ్లు ఎక్కడ పెడతారు?"

మావగారు మాట్లాడలేదు.

"పైన రాజమండ్రి ఉంది. మన లంక కోసం రాజమండ్రిని ముంచుకుంటారుటండీ ఎవరైనా? తెరిచే ఉంచుతారు. నేనైనా అదే చేస్తాను. వీధిలో వరదొస్తే వాకిలి తలుపూ, దొడ్డి తలుపూ రెండూ తీసేస్తాం. లేకపోతే ద్వారబంధంతో సహా లాక్కుపోతుంది. లేవండి."

నేను ఆ మాట విని కొయ్యబారిపోయాను. నిఘంటువు తిరగేసినవాళ్లం ఇద్దరం ఇంట్లో ఉన్నాం. తట్టింది మాత్రం ఆవిడకి.

ఆ సాయంత్రం ఆఖరి నాటుపడవలో ఎక్కాం. ఇద్దరు పిల్లలు, ఒక ట్రంకుపెట్టె, బియ్యం మూట. వ్రతం మర్నాటి ఉద్వాసన కాలేదని అత్తగారు కలశాన్ని కొబ్బరికాయతో సహా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. గేదెల పలుపులు విప్పేశాం. మావగారు పడవలో ఒక్క మాట మాట్లాడలేదు. చీకటిలో ఏటిగట్టు చేరాక వెనక్కి తిరిగి చూస్తే ఊరి లాంతర్లు ఒకటొకటే ఆరిపోతున్నాయి. ఆర్పేవాళ్లు లేకుండా ఆరిపోతున్నాయి. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

మర్నాడు భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, మన లెక్కలో సెకనుకి రెండు బిందెలు అనుకోండి. మరి బ్యారేజీ వెనక నీళ్లు నిలిపే చోటెంత? నిండా మూడు టీఎంసీలు పట్టదు. టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. తర్వాత ఒకరోజు కాగితం మీద భాగహారం వేసి చూశాను. ఆ రోజు వచ్చిన నీటికి అది పావుగంటలో నిండిపోతుంది. పావుగంట! మా మావగారు నమ్ముకున్న కంట్రోలు అంతే. వరద ముదిరాక 175 గేట్లూ ఎత్తి నీళ్ల మీద పెట్టడమే చేసే పని. అప్పుడు బ్యారేజీ అంటే వరస స్తంభాలున్న వంతెన, ఇంకేమీ కాదు. నిజం చెప్పాలంటే, నీళ్లు దాచేది డ్యాము. మన ఇంటి భాషలో గాదె. గడపకీ తలుపుకీ గాదె పని చెప్పడం మా ఇంట్లో జరిగిన పొరపాటు.

పన్నెండు రోజుల తర్వాత వెళ్లాం. పెంకుటిల్లు గోడలు మూడు కూలాయి. కొత్తావకాయ జాడీలు ఇసుకలో కూరుకుపోయి ఉన్నాయి. ఒక జాడీ మూత వాసెన గుడ్డతో సహా అలాగే ఉంది, లోపల మాత్రం గోదారి బురద. మావగారి పుస్తకాల బీరువా నీళ్లు తాగి ఉబ్బి, తలుపు తెరుచుకోలేదు. గొడ్డలితో తీశాం. గేదెల్లో ఒకటి గట్టు మీద దొరికింది, రెండోది లేదు. మా వరసలో పోయినవాళ్లు ఎవరూ లేరు. కింది వరసలో ఒక ముసలాయన కదలనని కూర్చుని పోయాడు. ఆయనా అన్నాడట, "బ్యారేజీ ఉందిగా" అని.

ఊళ్లో అందరూ ఒకటే మాట. "గేట్లెత్తేసి మనల్ని ముంచారు." 1953లో మునిగినప్పుడు ఎవరినీ ఏమీ అనలేదట. గోదారి తల్లికి కోపం వచ్చిందన్నారు, చీర పెట్టారు. ఈసారి కోపం మనుషుల మీదికి తిరిగింది. నాకు రెండూ పూర్తిగా సరైనవిగా తోచవు. వరదలో గేట్లెత్తినవాణ్ణి తిట్టడం అన్యాయం. అదే వేసవిలో, నీళ్లు అడుగంటినప్పుడు, ఏ కాలవకి ఎన్ని తడులు, ఏ చివరి భూమికి ఎన్నడు అన్నది మాత్రం ముమ్మాటికీ మనిషి నిర్ణయమే. అప్పుడు అడగాలి, గట్టిగానే అడగాలి. మనవాళ్లు వరదలో అరిచి, ఎండల్లో ఊరుకుంటారు. ఆనికట్టు రోజులు బంగారమని కూడా నేననను. గడప ఉన్న రోజుల్లోనూ మునిగాం. అయితే మునుగుతామని తెలిసి మునిగాం, ముందే మూటలు కట్టుకున్నాం. తేడా అదే.

ఇప్పుడు ధవళేశ్వరం దగ్గర మట్టం 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. సెల్‌ఫోన్లకే వచ్చేస్తుంది. 2022 జూలైలో పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా లంక వాళ్లు రెండో హెచ్చరికకే గట్టెక్కేశారు. "బ్యారేజీ ఉందిగా" అన్నవాడు ఒక్కడూ లేడని మా మరిది కొడుకు చెప్పాడు.

మావగారు ఆ వరద తర్వాత పదేళ్లు బతికారు. బ్యారేజీ అనడం మానేశారు. ఆనకట్ట అనడానికి అహం ఒప్పుకోలేదు. "అది" అనేవారు. "అది దాటేసరికి ఎంతయింది?" అనేవారు. అత్తగారు నవ్వేవారు, దిద్దేవారు కాదు. ఆవిడతో బస్సులో వెళ్తే మాత్రం ఒక తంతు ఉండేది. పైకి ఎక్కగానే కిటికీలోంచి గోదారిలో పావలా వేసి, చెంపలు వేసుకుని, "ఎన్ని తలుపులెత్తారో లెక్కపెట్టవే" అనేవారు. నేను లెక్కపెట్టి చెప్పాలి. తక్కువ ఎత్తితే స్థిమితంగా కూర్చునేవారు. ఎక్కువైతే ఊరికి కబురు పెట్టమనేవారు.

బొబ్బర్లంక నుంచి ధవళేశ్వరం వైపు వస్తే దాటేవి ర్యాలి, ధవళేశ్వరం పాయలు రెండే. అంటే నూటపదమూడు. మొన్న కూడా కండక్టరు కుర్రాడు నవ్వుతుండగానే నా చూపు కిటికీ వైపు పోయింది. ఒకటి, రెండు, మూడు... పిచ్చుకలంక దాటి నలభై ఏడు దాకా వచ్చాను. ఈలోగా ముందు సీటావిడ చిల్లర విసరబోయి, పూతరేకుల డబ్బా జారింది. అది పట్టుకునే హడావిడిలో లెక్క తప్పింది.